కామెర్ల పసరు పోసిన ఇల్లు

మా ముత్తాతగారు మునసబు. మా తాతగారు తాలూకా బోర్డు మెంబరు. ఆయన పడవ మీద వస్తున్నారంటే కాలవ లాకు దగ్గర మిగతా పడవలు పక్కకి తప్పుకునేవి. ద్రాక్షారామంలో కల్యాణానికి వెళితే ముందు వరసలో ఆయనకి చాప వేసి ఉంచేవారు. గొప్పకి చెప్పడం లేదు. జరిగినవి కాబట్టి చెబుతున్నాను.

నాకు ఊహ తెలిసేసరికి ఇందులో చాలావరకు పోయింది. భూముల్లో కొంత సీలింగుకి, కొంత కోర్టు వ్యాజ్యాలకి, మిగిలిందాంట్లో సగం తాతగారి ఎన్నికలకి పోయింది. మా నాన్నగారి కాలానికి మా ఇంటికి మిగిలిన మర్యాద ఒక్కటే. అది కామెర్ల పసరు.

ఆదివారం, గురువారం తెల్లవారుతుండగా మా వీధి అరుగు నిండిపోయేది. నాన్నగారు స్నానం చేసి, పట్టుపంచె కట్టుకుని, పెరట్లోకి ఒక్కరే వెళ్లి ఆకు కోసుకొచ్చేవారు. అది ఏ ఆకో నాకు చెప్పలేదు. ఆడపిల్లకి చెబితే మరో ఇంటికి పోతుందని నియమం. నేనూ అడగలేదు. కల్వంలో ఆకు నలుగుతుంటే వచ్చే పచ్చి వాసన, దాన్ని మజ్జిగలో కలుపుతున్నప్పుడు కంచు గ్లాసుల చప్పుడు, వరసలో నిలబడ్డవాళ్ల దగ్గులు, ఇవే నా చిన్నతనపు ఉదయాలు. పెద్దవాళ్లకి గ్లాసుడు, పసివాళ్లకి తల్లి వేలితో నాలుగు చుక్కలు. మూడు వారాలు ఉప్పు, నూనె లేని పత్యం. డబ్బు మాత్రం పుచ్చుకునేవారు కాదు. ఎవరైనా అరటిగెల తెచ్చి స్తంభానికి ఆనించి పోతే నాన్నగారు దాన్ని అక్కడున్నవాళ్లకే పంచేవారు. దాన్ని మూఢనమ్మకం అనేవాళ్లున్నారు. వాళ్లెవరూ మా అరుగెక్కినవాళ్లు కారు.

నేను డాక్టరునయ్యాక నాకు తెలిసింది ఏమిటంటే, పెద్దవాళ్లకి వచ్చే కామెర్లు ఎక్కువగా వాటంతటవే తగ్గుతాయి. ఆ ఘనత మా ఆకుకి దక్కింది. దాన్ని పట్టుకుని ఇంట్లో ఎప్పుడూ వాదన పెట్టుకోలేదు. తగ్గేవాళ్లకి కాస్త ధైర్యం, మజ్జిగ, పత్యం దొరికితే తప్పేమిటనుకున్నాను.

తొంభైల చివర కాకినాడలో పిల్లల వార్డులో పనిచేశాను. మా పెద్ద డాక్టరమ్మగారు ఉత్తరాదిలో పిల్లల కాలేయం, పేగుల జబ్బుల్లో ప్రత్యేకంగా చదువుకుని వచ్చారు. అలాంటి చదువుంటుందని మాలో చాలామందికి అప్పటిదాకా తెలియదు. పొట్టిగా, చేనేత చీరలో, చేతిలో ఎప్పుడూ వేయించిన శనగల పొట్లంతో ఉండేవారు. శనివారం మధ్యాహ్నాలు నర్సులకి, పల్లెల్లో తిరిగే ఏఎన్ఎంలకి క్లాసు చెప్పేవారు. పసివాళ్ల కామెర్లలో ఆవిడకి ఒక జబ్బు మీదే పట్టుదల. కాలేయం నుంచి పేగుల్లోకి పైత్యరసం దిగే గొట్టం మూసుకుపోతుంది. పిల్ల ఒళ్లు పచ్చబడుతుంది, దొడ్డికెళ్తే మాత్రం తడిసిన సుద్దలా తెల్లగా ఉంటుంది. రెండు నెలలు నిండేలోపు ఆపరేషన్ జరిగితే చాలామంది నిలబడతారు. దాటితే కాలేయం గట్టిపడిపోతుంది. మా దగ్గరికి వచ్చేవాళ్లందరూ దాటాకే వచ్చేవారు.

ఎందుకు ఆలస్యమవుతోందో కనుక్కోవడమే ఆ ఏడాది మా పరిశోధన. ప్రతి తల్లినీ ఒకటే అడగమన్నారు: ఇక్కడికి రాకముందు ఎక్కడికెళ్లారు?

ఒక రోజు రౌండ్లో నాలుగు నెలల పిల్లాడి దగ్గర ఆగాం. పొట్ట ఉబ్బి, కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. వాడి నాయనమ్మని ఆవిడే అడిగారు.

"రామచంద్రపురం అవతల పెద్దింట్లో పసరు పోయించామండి. మూడుసార్లు. ఆ బాబుగారు దేవుడండి, పైసా ముట్టుకోరు. మజ్జిగ కూడా ఆళ్లదే."

"పెద్దిల్లంటే ఎవరిల్లమ్మా?"

"ఎవరిదంటారేంటండి. పెద్దిల్లంటే పెద్దిల్లే."

డాక్టరమ్మగారు నా వైపు తిరిగారు. "ఏమ్మా, మీదీ ఆ పక్కే కదా. తెలుసా?"

"తెలుసండి. మా నాన్నగారు."

జూనియర్లు ఇద్దరు మొహమొహాలు చూసుకున్నారు. నేను తల దించలేదు.

గదిలోకి వెళ్లాక ఆవిడ శనగల పొట్లం నా వైపు జరిపి, "ఆదివారం మీ అరుగు మీదికి ఎంతమంది పసిపిల్లలు వస్తారు?" అన్నారు.

"లెక్కపెట్టలేదండి. చాలామందే."

"నేను ఊరూరా తిరిగినా అంతమంది నా కంట పడరు. ఆయన కంట పడుతున్నారు. మానమని చెప్పను. చూడమని చెబుతాను. నన్ను మీ ఇంటికి తీసుకెళ్లు."

ఆదివారం వచ్చారు. అరుగు చివర ముక్కాలిపీట మీద కూర్చుని అన్నీ చూశారు. జనం వెళ్లాక నాన్నగారు ఆవిడకి లోపలి కుర్చీ వేయించి కాఫీ ఇప్పించారు.

"ఒక సందేహమండి," అన్నారావిడ. "పిల్లలందరూ ఇంత శుభ్రంగా ఉన్నారేంటి?"

నాన్నగారు కొంచెం గర్వంగానే చెప్పారు. "మా ఇంటికి మురికి గుడ్డలతో ఎవరూ రారండి. కాలవ రేవులో పిల్లకి ఒళ్లు కడిగి, ఉతికిన గుడ్డ చుట్టి, అప్పుడు అరుగెక్కుతారు. మా తాతగారి నాటి నుంచీ అంతే."

"అదేనండి నా ఇబ్బంది. నేను చూడాల్సింది ఆ రేవులో ఉతికేసిన గుడ్డని."

ఆవిడ జబ్బు సంగతి చెప్పారు. పై లాకు తలుపు బిగుసుకుపోతే కింద చేలకి నీళ్లందవు, పైన గట్టు తెగుతుంది, ఇదీ అంతేనండి అన్నారు. కాలవ కింద వ్యవసాయం చేసిన మనిషికి అంతకంటే విడమరచి చెప్పక్కర్లేదు. నాన్నగారికి అర్థమైంది. అయినా లేచి నిలబడ్డారు.

"మీరు పెద్ద చదువులు చదివారు, కాదనను. కానీ పదిమంది ముందు ఆడవాళ్ల చేత అలాంటివి విప్పించడం మా ఇంటా వంటా లేదండి. పట్టుపంచె కట్టుకుని మందిచ్చే చోటది."

"ఆలోచించండి," అని ఆవిడ కాఫీ పూర్తిగా తాగి వెళ్లారు. ఆ తర్వాత నెల రోజులు నాన్నగారూ నేనూ వానల గురించి తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. ఆయన మాట పోతే మా ఇంటికి మిగిలేదేమీ లేదని నాకు తెలుసు. ఆయన మాట నిలబడితే ప్రతి ఆదివారం ఎవరో ఒక పసివాడికి వారాలు పోతాయని కూడా తెలుసు.

నెల తిరిగాక డాక్టరమ్మగారు ఆయన్ని శనివారం క్లాసుకి పిలిచారు. పసరు ఎలా ఇస్తారో నర్సులకి చెప్పమని కబురు. నాన్నగారు గంజి పెట్టిన పంచె, జరీ కండువా వేసుకుని వచ్చారు. ఆయనకి నడిమి కుర్చీ వేశారు. అరగంట మాట్లాడారు. చాలా బాగా మాట్లాడారు. పత్యం గురించి చెబుతుంటే ఒక నర్సమ్మ నవ్వుతూ, "ఉప్పు లేకుండా మూడు వారాలంటే మా ఆయన కామెర్లే నయమంటారు బాబుగారూ" అంది. నాన్నగారూ నవ్వారు.

క్లాసయ్యాక ఆవిడ, "వార్డు చూసి వెళ్దురుగాని రండి," అన్నారు.

రౌండ్లో చూసిన ఆ పిల్లాణ్ణి మళ్లీ చేర్చారు. నాయనమ్మ నాన్నగారిని చూడగానే మంచం దగ్గర్నుంచి లేచి చెంగు సర్దుకుంది.

"బాబుగారండి. మా ఓడి కోసం వచ్చారా అండి?" కోడలి వైపు తిరిగి, "ఏడవకే, ఇంక బయం లేదు. బాబుగారే వచ్చారు," అంది.

నర్సు అప్పుడే మార్చిన గుడ్డ మంచం కింద ట్రేలో ఉంది. నాన్నగారు వంగి చూశారు. సుద్ద రంగు. చాలాసేపు చూశారు. తర్వాత ఆ పిల్లాడి తల మీద చెయ్యి పెట్టి బయటికి వచ్చేశారు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కరప దాటాక అన్నారు. "వాడు మొదటిసారి మన అరుగెక్కినప్పుడు నెల కూడా లేదు. నాకు జ్ఞాపకం ఉంది. ఎర్ర దుప్పట్లో తెచ్చారు."

ఆ పిల్లాడు ఆ చలికాలం దాటలేదు.

మర్నాడు ఆదివారం. మొదటి తల్లి పిల్లని చాచగానే నాన్నగారు గ్లాసు కింద పెట్టారు. "గుడ్డ చూపించమ్మా."

"ఏం గుడ్డండి?"

"పిల్ల దొడ్డికెళ్లిన గుడ్డ."

"అయ్యో, రేవులో ఉతికేశానండి. తమరింటికి అలా ఎలా తెస్తామండి."

"అయితే అదిగో, ఆ స్తంభం దగ్గర కూర్చో. పిల్ల మళ్లీ వెళ్లేదాకా."

పొద్దెక్కేసరికి స్తంభాల పొడుగునా తల్లులే. వీధిలో పోతున్న రైసుమిల్లు గుమాస్తా సైకిలు ఆపి, "ఏంటి బాబుగారూ, ఇవాళ మందు లేదా?" అన్నాడు.

"ఉంది. పిల్లల తీరుబడి కోసం చూస్తున్నాం."

"ఆయ్, అలాగేనండి. మా ఓణ్ణి తెమ్మంటారా, ఆడు అడక్కుండానే ఇస్తాడు."

అరుగంతా నవ్వారు. మా ఇంటి అరుగు మీద నేను విన్న నవ్వుల్లో అంత పెద్దది మరొకటి లేదు. గుడ్డ మీద పసుపు రంగు ఉన్నవాళ్లకి నాన్నగారు మందేమీ ఇవ్వకుండా, తల్లిపాలు పట్టమని, తగ్గకపోతే కాకినాడ వెళ్లమని చెప్పి పంపారు. కొందరు నొచ్చుకున్నారు. పెద్దాయనకి చాదస్తం ముదిరిందని ఊళ్లో అన్నవాళ్లూ ఉన్నారు. అది మా దాకా వచ్చింది. నాన్నగారు మాట మార్చుకోలేదు.

సంక్రాంతి వెళ్లాక ఒక గురువారం, కూలికెళ్లే దంపతులు ఐదు వారాల ఆడపిల్లని తెచ్చారు. గుడ్డ మీద సుద్ద రంగు. నాన్నగారు మిగతావాళ్లని కూర్చోమని చెప్పి, ఆ గుడ్డని అరటి దొప్పలో చుట్టి, తన చేత్తోనే పట్టుకుని వాళ్లతో పాటు కాకినాడ బస్సెక్కారు. పట్టుపంచె కూడా మార్చుకోలేదు. ఓపీలో నేను చూసేసరికి దొప్ప ఒళ్లో పెట్టుకుని వరసలో కూర్చుని ఉన్నారు. పక్కనున్నవాళ్లు ముక్కు మూసుకుని జరిగారు. ఆయన జరగలేదు.

డాక్టరమ్మగారు దొప్ప విప్పి చూసి, "ఇన్నేళ్లలో వేళకి వచ్చిన మొదటి పిల్ల," అన్నారు.

ఆపరేషన్ మద్రాసులో చేయించాలి. తండ్రి గోడకి ఆనుకుని, "మావల్ల ఏమవుద్దండి" అన్నాడు.

నాన్నగారు డాక్టరమ్మగారితోనే చెప్పారు. "మా అరుగెక్కినవాళ్లు ఖర్చు పెట్టుకోరండి. వీళ్లు మా అరుగెక్కారు."

ఆ పిల్లకి గొట్టం బదులు పేగుని కుట్టారు, పైత్యం దిగింది. ఉగాదికి తల్లి ఎత్తుకొచ్చి, ఎవరూ అడగకముందే పసుపు రంగు గుడ్డ చూపించింది. ఆ తర్వాత రెండేళ్లలో మా అరుగు నుంచి ఇంకో నలుగురు పిల్లలు మద్రాసు వెళ్లారు. డాక్టరమ్మగారు రిటైరయ్యాక శనివారం క్లాసు నాకొచ్చింది. నడిమి కుర్చీలో చాలాకాలం నాన్నగారే కూర్చున్నారు.

రామచంద్రపురం రోడ్డు పక్కన ఉన్న మా ఆఖరి ఎకరన్నరని, మొదటి పిల్ల మద్రాసు వెళ్లిన వారమే బేరం పెట్టాం. ఇటికల బట్టీ ఆయన కొన్నారు.