మునిరత్నం ఎక్కితేనే పాడే బండి

మా తమిళనాటి ధర్మపురిలో తిరిగే దయ్యం కథల్లో సగం నేను పుట్టించినవే. పుట్టించినవాడికి నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుంది? కానీ ఈ ఒక్కదానిలో నేను కలిపిందేమీ లేదు. కలిపేవాణ్ణయితే నన్ను నేను ఇంత చులకన చేసుకుంటానా?

మునిరత్నం నా తోడల్లుడు, మా ఆవిడ చెల్లెలి భర్త. ఇద్దరివీ ఒకే రకం కార్లు. అతడు కారుతో వచ్చిన స్టీరియోను కదపకుండానే దానికి ఆంప్లిఫయర్ తగిలించాడు. ఒక ఆదివారం రెండు కుటుంబాలూ హొగెనకల్ జలపాతానికి బయలుదేరాం. దారిలో ఇండూరు దగ్గర టీకి ఆగితే, పాటలు వింటూ వస్తానని మా ఆవిడ దిగి అతడి బండెక్కింది. నా పక్క సీట్లో పులిహోర గిన్నె మిగిలింది.

ఆ రోజు పులిహోర నేను ముట్టలేదు.

మర్నాడే అతడి బండికి పనిచేసిన మెకానిక్ సెల్వం దగ్గరికి వెళ్లి, అంతకంటే పెద్దది పెట్టమన్నాను. వెనక స్పీకర్ల వైర్ల నుంచి పాటను తీసుకుని, బ్యాటరీ నుంచి కరెంటు లాగి, ఆంప్లిఫయర్‌ను ముందు సీటు కింద బిగించాడు. దాని లైటు మాత్రం వెలగలేదు, పాటా రాలేదు. ఫ్యూజు బాగుంది. ఎర్తు బాగుంది. మీటరు పెడితే కరెంటూ వస్తోంది. రెండు రోజులు వెతికాడు.

మూడో రోజు మధ్యాహ్నం మునిరత్నం అటుగా వచ్చాడు.

“ఏమన్నా, నాకు చెప్పకుండానే పెట్టించినావే!” అంటూ ముందు సీట్లో కూర్చున్నాడు.

పచ్చలైటు వెలిగింది. షెడ్డు రేకులు అదిరేలా పాట వచ్చింది. అతడు దిగాడు, ఆగిపోయింది. ఎక్కాడు, వచ్చింది.

సీటు బరువుకు ఏదో వైరు నొక్కుకుంటోందనుకున్నాను. బియ్యం మూట పెట్టి చూశాం, రాలేదు. అతడికంటే లావైన సెల్వం కూర్చున్నా రాలేదు. మునిరత్నాన్ని వెనక సీట్లో కూర్చోబెడితే వచ్చింది. ఆంప్లిఫయర్‌ను మార్చి కొత్తది బిగించినా అంతే.

మా మేనత్త నాగమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకొచ్చి బండికి దిష్టి తీసింది. దిష్టి ఉంటే నిప్పుల్లో వేసిన మిరపకాయలు ఘాటు రావని మావాళ్ల లెక్క. వేసింది. అందరం దగ్గి చచ్చాం. తర్వాత ఏమనుకుందో, ఇంకో గుప్పెడు నా చుట్టూ తిప్పి వేసింది. ఒక్కరికీ దగ్గు రాలేదు.

“బండికేమీ లేదురా. ఉండేదంతా నీలోనే. ఎవుర్ని చూసి ఏడ్చినావు?”

నేను నవ్వేశాను. మా ఆవిడ నవ్వలేదు.

విరుగుడు కూడా అత్తే చెప్పింది. మునిరత్నం బండి పక్కన నిలబడి, అది బాగుందని మనసారా ఒక్క మాట అంటే చాలట. వెళ్లి అన్నాను. అతడు పొంగిపోయి కాఫీ ఇప్పించాడు. తిరిగొచ్చి నా బండి ఆన్ చేశాను. లైటు లేదు. మళ్లీ వెళ్లాను, మూడుసార్లు అన్నాను. “ఏందన్నా, వచ్చినప్పుడల్లా ఇదే పాటనా?” అన్నాడు. నూరు అబద్ధాలు గడగడా చెప్పినవాణ్ణి, ఆ ఒక్క నిజాన్ని మనసుతో అనలేకపోయాను.

మొన్న మళ్లీ హొగెనకల్ వెళ్లాం. ఈసారి మా ఆవిడ నా బండిలోనే వచ్చింది. అయితే వెనక సీట్లో కూర్చుని, “మునిరత్నాన్ని ముందర కూర్చోనీయండి, ఆయనుంటేనే కదా పాటలొచ్చేది” అంది. వాళ్ల బండిని మరదలు నడుపుకుంటూ మా వెనకే వచ్చింది. అందులో అతడు లేడు. అయినా దాని పాట ఇండూరు దాకా నా చెవిన పడుతూనే ఉంది.

వైరింగ్‌లో తప్పేమీ లేదని సెల్వం ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు. మరి ఎందుకిలా అంటే నాకు తెలియదు. పక్క సీటు మునిరత్నానిదయింది గనక, పులిహోర గిన్నె మాత్రం ఈసారి నా ఒళ్లో పెట్టారు.