రూలులో ‘చదివి’ అనే మాట

1979 జూన్‌లో నన్ను అనంతపురం జిల్లాలోని ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీకి లెక్కల లెక్చరర్‌గా బదిలీ చేశారు. చేరిన వారానికే అడ్మిషన్ కమిటీలో మెంబరునయ్యాను. పాతవాళ్ళెవరూ ఆ పనికి ఒప్పుకోరనీ, కొత్తగా వచ్చినవాడికి కాదనే తెలివి ఉండదనీ ప్రిన్సిపాల్ గారి అంచనా. ఆ అంచనా సరైనదే.

మా కాలేజీలో సీటంటే జిల్లాలో మాటలు కాదు. చదువు, హాస్టలు, రెండు పూటలా తిండి అన్నీ ఉచితం. వాన మొహం చాటేసిన ఏళ్ళలో చదువు కోసం ఎందరు అప్లికేషన్ పెట్టేవారో, తిండి కోసం ఎందరు పెట్టేవారో విడదీసి చెప్పడం కష్టం. సీట్లు రెండు పద్ధతుల్లో ఇచ్చేవాళ్ళం. మొదటిది మార్కుల జాబితా. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ఎవరికి ఎక్కువొస్తే వాళ్ళకు సీటు. అది ఏటా పట్నం పిల్లలతోనే నిండిపోయేది. అందుకని పెద్దలు ఆలోచించి రెండోది పెట్టారు. పల్లె హైస్కూళ్ళలో ఫస్టు వచ్చిన పిల్లలకు, స్కూలుకు ఒక్కరి చొప్పున సీటు. మార్కులు తక్కువైనా సరే, ఉన్న బడిలో అందరికంటే ముందున్నారంటే ఆ పిల్లల్లో సరుకుందని లెక్క. ఆలోచన మంచిదే. మంచి ఆలోచనలకు పట్టే గతే దానికీ పట్టింది.

రూలు అచ్చయిన కొన్నాళ్ళకే జిల్లాలో కొత్త రకం వలస మొదలైంది. పంటలు పోయిన పల్లెజనం బెంగళూరు దారి పడుతుంటే, పట్నంలో ఉన్నవాళ్ళు తమ పిల్లల్ని పల్లె బళ్ళలో చేర్పించసాగారు. తొమ్మిది దాకా పట్నంలో చదివించడం, పదికి టీసీ తీసుకుని బస్సు కూడా సరిగా పోని ఊళ్ళో పేరు రాయించడం. పల్లె చదువుల మీద పట్నానికి పుట్టిన ఆ ప్రేమ చూసి నా కళ్ళు చెమర్చాయి.

ఆ ఏడు ఇంటర్వ్యూలకు గుమ్మఘట్ట అవతల, కర్ణాటక సరిహద్దులో ఉన్న ఒక చిన్న హైస్కూలు నుంచి ఇద్దరు వచ్చారు. ఫస్టు వచ్చిన అబ్బాయి ధర్మవరం పట్టుచీరల వ్యాపారి కొడుకు. సెకండు వచ్చింది హనుమక్క అనే అమ్మాయి. నిజానికి సెకండుకు మేం పిలుపు పంపం. ఆమె నాన్న తిప్పన్న గొర్రెల కాపరి. మేత దొరక్క మందనంతా అమ్మేసినవాడు. ఆయనే కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి, అటెండరు ఎంత పొమ్మన్నా కదలకుండా వరండాలో కూర్చున్నాడు. నేను ఆ తండ్రీకూతుళ్ళిద్దర్నీ లోపలికి పిలిపించాను. ప్రిన్సిపాల్ గారు నావైపు చూసిన చూపులో ఆశీర్వచనమేమీ లేదు.

“ఆరో తరగతి నుంచీ మా పాపే ఫస్టు సామీ,” అన్నాడు తిప్పన్న. “ఈ అబ్బయ్యను మా బళ్ళో ఎవురూ చూసిందే ల్యా. పరీక్షలప్పుడు కారులో వచ్చి దిగినాడు. ఈడ సీటు రాకుంటే మా పాప గూడా మాతోనే బెంగళూరుకు వస్తాది, సిమెంటు మోసేకి.”

బతిమాలుతున్నట్టు కాదు, ఉన్న సంగతి చెప్తున్నట్టే చెప్పాడు. జాలికి మా దగ్గర మార్కులు లేవని ప్రిన్సిపాల్ గారు సెలవిచ్చారు. అప్పటికే కొడుకుతో లోపల కూర్చుని ఉన్న వ్యాపారి మాత్రం ఎంతో మర్యాదగా, “రూలు మీరే రాసినారు సార్, మేం దాని ప్రకారమే పోతాండాం గదా,” అన్నాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. టీసీ సక్రమం, హెడ్మాస్టరు ఇచ్చిన ర్యాంకు సర్టిఫికెట్టు సక్రమం. హాజరు చూస్తే ఒక్కరోజు కూడా బడి ఎగ్గొట్టని బుద్ధిమంతుడు. మార్కులూ నిజంగా వాడివే. పట్నం జాబితాలో చిట్టచివరికైనా చేరని ఆ మార్కులు, సరిహద్దు పల్లెకు పోయేసరికి ఫస్టయ్యాయి.

ఇంటర్వ్యూ అంటే సర్టిఫికెట్లు సరిచూసి, నాలుగు ప్రశ్నలడిగి పంపడమే. నా వంతు వచ్చినప్పుడు, మీ బళ్ళో లెక్కలెవరు చెప్తారని ఆ అబ్బాయిని అడిగాను. వాడు తండ్రి వైపు చూశాడు. తండ్రి కిటికీ వైపు చూశాడు. ఇంట్లో అన్నీ నేర్పి అబద్ధమొకటి నేర్పడం మరిచిపోయినట్టున్నారు.

“ఆడ నేను చదవల్యా సార్. పరీక్షలు రాసినా, అంతే. చదివిందంతా ధర్మవరంలోనే, ట్యూషన్లో,” అన్నాడు.

ప్రిన్సిపాల్ గారికి సరిగ్గా ఆ సమయానికే చెవులు పనిచేయడం మానేశాయి. సీటు అబ్బాయి పేరున రాయమని గుమాస్తాకు చెప్పారు. అప్పుడు నేను ప్రాస్పెక్టస్ తీసి రూలు పైకి చదివాను. ‘గ్రామీణ ఉన్నత పాఠశాలలో చదివి ప్రథమ స్థానం పొందిన విద్యార్థికి’ అని ఉంది. ‘చదివి’ అన్నారు కదా, ఇతను అక్కడ చదవలేదని తనే చెప్పాడు కదా అన్నాను. అది మాటవరసకు రాసిన మాటన్నారు ప్రిన్సిపాల్ గారు. అలాగే కానివ్వండి, మినిట్స్‌లో ‘అక్కడ చదవకపోయినా సీటు ఇవ్వడమైనది’ అని రాయిద్దాం, కింద మీరు సంతకం పెట్టండి అన్నాను. అన్యాయానికి జంకని అధికారులను నా సర్వీసులో చాలామందినే చూశాను. ఆడిట్‌కు జంకనివాణ్ణి మాత్రం చూడలేదు. ఆయన పెన్నుకు మూత పెట్టేశారు.

ఆ బళ్ళో చదివినవాళ్ళలో ఫస్టు హనుమక్క. సీటు ఆమెకు రాశారు. మళ్ళీ వరండాలో కూర్చుని ఉన్న తండ్రీకూతుళ్ళకు ఆ సంగతి నేనే వెళ్ళి చెప్పాను. కూతురు నవ్వింది. తండ్రి మాత్రం, “ఏమప్పా, మా పాప ముందు నుంచీ ఫస్టే గదా, ఆ మాట చెప్పేకి ఇంతసేపా?” అన్నాడు. కృతజ్ఞత కోసం ఎదురుచూసిన నాకు అది చురకే. అయినా ఆ రోజు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

హనుమక్క రెండేళ్ళు నా క్లాసులో కూర్చుంది. ఒక్కసారి కూడా ఫస్టు రాలేదు. ఆరో స్థానమో ఏడో స్థానమో వచ్చేది. ఆమె తెలివి తగ్గలేదు, పక్కన కూర్చున్నవాళ్ళు మారారు. ర్యాంకు సంగతి అంతే. మార్కుల వెనక ఇంటి స్తోమత, ర్యాంకు వెనక పక్కవాళ్ళ సత్తా ఎంతో కొంత ఉంటాయి. ఏ కొలబద్దతో కొలుస్తామో ముందుగా చెప్పేస్తే, డబ్బున్నవాళ్ళు దానికి సరిపోయేలా పిల్లల్ని తయారుచేసుకుంటారు. ఇది నేను ఆ కమిటీలో నేర్చుకున్నాను.

వ్యాపారి ఊరుకోలేదు. రూలులో అస్పష్టత ఉందని పైవాళ్ళకు అర్జీ పెట్టుకున్నాడు. పైవాళ్ళు వెంటనే స్పందించారు. మరుసటి ఏడు ప్రాస్పెక్టస్‌లో ‘చదివి’ తీసేసి ‘పేరు నమోదై’ అని అచ్చువేశారు. ఆ రూలు మొత్తంలో చదవడం గురించి ఉన్న మాట అదొక్కటే.