ఉప్పు చూడని పండుగ వంట

న్యూజిలాండ్‌లోని టౌరంగాలో మా పక్కింటాయనది ఐర్లండ్. ఎనభై దాటాయి. భార్య పోయాక ఒక్కడే ఉండేవాడు. కిందటి క్రిస్మస్‌కు ముందు రెండుసార్లు పొయ్యి ఆర్పడం మరిచాడు. వెల్లింగ్టన్‌లో ఉండే కూతురు, పండుగ నాడు వచ్చి ఆయన ఎలా వండుకుంటున్నాడో చూసి, ఇంట్లో ఉండనివ్వాలో వృద్ధాశ్రమంలో చేర్చాలో తేలుస్తానంది. ఆ మాట ఆయనే కంచె అవతలి నుంచి చెప్పి, సాయానికి రమ్మన్నాడు.

నేను ఇరవై ఆరేళ్లు పత్రిక డెస్క్‌లో పనిచేసినవాడిని. నా భార్య నర్సు ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చాం. మాంసం తినం.

“పంది మాంసం వండడానికా?” అంది ఆవిడ డ్యూటీకి బయల్దేరుతూ.

“కూరలు తరగడానికి.”

“పెళ్లయ్యాక నేనైతే చూళ్లేదు. ఫొటో తీసి పెట్టండి.”

డిసెంబరు ఎండ. ఓవెన్ వేడికి వంటగదిలో నిలవలేకపోయాం. ఆయన కుర్చీలో కూర్చుని చెబుతుంటే నేను చేశాను. రెండు రకాల బంగాళదుంపలు లేనిదే అది పండుగ భోజనం కాదట: కొన్ని ఎర్రగా కాల్చాలి, కొన్ని ఉడికించి వెన్నతో మెదపాలి.

“అంతమంది రాతలు దిద్దావు, దుంప తొక్క తీయడం రాదా? సగం దుంప చెత్తబుట్టకే పోతోంది” అన్నాడు. ఆ పూట ఆయన మాటలో తడబాటే లేదు.

అసలు పరీక్ష హ్యామ్. ఉప్పులో ఊరిన పచ్చి పంది మాంసం, కొట్లో ముందే చెప్పి తెప్పించాడు. రాత్రంతా నీళ్లలో నానబెడితే గానీ ఆ ఉప్పు పోదు.

“నానబెట్టారా?”

“నిన్న సాయంత్రమే. నీళ్లు రెండుసార్లు మార్చాను.”

ఫ్రిజ్‌లో అది పొడి పళ్లెంలో ఉంది. చూశాను. డెస్క్‌లో అయితే మరోసారి ఆరా తీయకుండా ఎవరి మాటా పేజీలో పెట్టేవాడిని కాదు. ఇక్కడ అడిగితే అనుమానించినట్టవుతుందని ఊరుకున్నాను. రుచి చూడాలని తోచనే లేదు. పండుగ వంట ఏదైనా వడ్డించకముందు నోట పెట్టడం మా ఇంట్లో లేదు.

మధ్యాహ్నం కూతురు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని నమలడం ఆపింది. నా వైపు చూసింది. గ్లాసెడు నీళ్లు తాగి, మరో ముక్క కోసుకుంది.

“ఎలా ఉంది తల్లీ?”

“అమ్మ చేసినట్టే ఉంది నాన్నా.”

ఆయన ఇష్టంగా తింటున్నాడు. మూడో ముక్క దగ్గర ఆగి, “కాస్త చప్పగా ఉంది. ఆ ఉప్పు ఇటివ్వు” అన్నాడు.

ఆమె అందించింది.

తర్వాత సింకు దగ్గర ఆమె పళ్లేలు కడుగుతుంటే పక్కన నిలబడి, “నానబెట్టడం నేనే మరిచిపోయానండీ” అన్నాను.

“మీరు వచ్చింది ఈ పొద్దున కదా” అంది, తల తిప్పకుండా. మరో పళ్లెం అందుకుని, “ఆయనకు తెలియనే లేదు, చూశారా?” అంది.

జనవరి చివర ఆయనను వృద్ధాశ్రమంలో చేర్చారు. నెలకోసారి వెళ్లి వస్తుంటాను. మొన్న వెళ్తే, ఇంటికి ఎప్పుడు పోదామని అడిగాడు. ఆ ఇంట్లో అప్పటికే వేరేవాళ్లు దిగారు. కనుక్కుని చెబుతానన్నాను.