వంటావార్పులో అంతయ్య గుండె

మా పక్కింటి అంతయ్యకు గుండె ఆపరేషన్ అయి ఏడాదైనా కాలేదు. అల్మాస్‌గూడలో ఎవరు కనబడినా చొక్కా గుండీలు విప్పి కుట్లు చూపించేవాడు. "పదిహేనేండ్లు ఢోకా లేదన్నడు డాక్టర్" అనేవాడు. ఆ దవాఖానకు తోడు వెళ్లింది నేనే, డాక్టర్ చెప్పింది నేనూ విన్నాను. కాలి నుంచి తీసి గుండెకు వేసిన నరాలు పది, పదిహేనేళ్లు రావచ్చు, ఛాతీ నుంచి మళ్లించింది ఇంకా ఎక్కువే రావచ్చు, కాని మాత్రలు తప్పకుండా వేసుకుని, బీడీ మాని, కొవ్వు తగ్గించి, రోజూ నడిస్తేనే అన్నాడాయన. మన మహానుభావుడి చెవికి మొదటి మాటే ఎక్కింది.

ఇంట్లో మాత్రం భార్య కిష్టమ్మ ముందు ఆయన ఆటలు సాగలేదు. జొన్నరొట్టె, నూనె తగలని కూర. సరిగ్గా అప్పుడే ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చింది. ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు, అంటే నడిరోడ్డు మీదే వండుకుని తిని నిరసన తెలపడం. అంతయ్యలో ఉద్యమం ఉప్పొంగింది. పొయ్యి ఎక్కడ వెలిగితే అక్కడ మొదటి బంతిలో ఆయనే.

"మటన్ తిన్నవా?" అని కిష్టమ్మ నిలదీస్తే, "తెలంగాణ కోసం తిన్న" అనేవాడు. రాష్ట్రం పేరు చెప్పాక ఆమె ఏమంటుంది? నాకే ఒళ్లు మండిపోయేది.

ఆమె ఊరుకోలేదు. చౌరస్తాలో దీక్షా శిబిరం నడిపే లింగస్వామి దగ్గరికి వెళ్లి, "మా ఆయన రేపు నిరాహార దీక్షల కూసుంటడట అన్నా" అని చెప్పి వచ్చింది. మర్నాడు మెడలో దండ పడ్డాకగాని అంతయ్యకు సంగతి తెలియలేదు. ఎదురుగా కూర ఉడుకుతోంది. చప్పట్ల మధ్య లేచిపోలేక కూర్చున్నాడు. నా కడుపు నిండిపోయింది.

తీరా దండ రుచి తగిలాక మటన్ మరిచాడు. రోజుకొకరు కూర్చునే దీక్షలో మిగతావాళ్ల వంతులు కూడా తనే అడిగి పుచ్చుకుని కూర్చోసాగాడు. ఒకరోజు పక్క సర్దుతుంటే కిష్టమ్మకు దిండు కింద మాత్రలు దొరికాయి. దీక్షలో మందు మింగకూడదని దాచేశాడు. ఆమె నన్ను వెంటబెట్టుకుని శిబిరానికి పరుగెత్తింది.

"మింగు" అంది మాత్రలు చాపి.

"దీక్షల మింగితే ఇజ్జత్ పోతది" అన్నాడు.

జనమంతా చూస్తున్నారు. కిష్టమ్మ ఇంకా ముందుకు జరిగింది.

"తెలంగాణ ఒస్తది. గా దినం నువ్వు నా పక్కన ఉండాలె గద? నిన్నీడ కూసోబెట్టింది నేనే. నా చేతులతోనే నిన్ను సంపుకున్ననని బతుకాల్నా?"

అంతయ్య తల వంచుకున్నాడు. మాత్రల కోసం నోరు తెరిచాడు. మైకు పట్టుకున్న లింగస్వామికి ఏ నినాదం ఇవ్వాలో తోచలేదు.