ఎలుకలు కొరకని వైరు

మొన్న రాజమండ్రిలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు మనవరాలు కొబ్బరికాయంత స్పీకరొకటి తెచ్చి బల్ల మీద పెట్టి, ఫోన్లో ఏదో నొక్కి, నేను కళ్ళజోడు సవరించుకునేలోపే హాలంతా పాటతో నింపేసింది. వైరేదే అని అడిగితే పకపకా నవ్వింది. నవ్వదూ మరి! పాటకూ స్పీకరుకూ మధ్య ఒక వైరు ఉండేదనీ, ఆ వైరు గురించి మా ఇంట్లో పెద్దవాళ్ళు పచ్చి అబద్ధం ఆడారనీ దానికేం తెలుసు? మీరంతా నా ఈడువాళ్ళు కాబట్టి మీతో చెప్పుకుంటున్నాను.

మండపేటలో మాకు బియ్యం కొట్టు ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో బస్తాలు, ఆ బస్తాలను నమ్ముకుని బతికే ఎలుకలు. నాన్నగారి అక్క, అంటే మా అత్తయ్య, మామయ్య మాతోనే ఉండేవారు. వారికి పిల్లలు లేరు. మామయ్య నాన్నగారితో కలిసి కొట్టు చూసుకునేవారు. మా వీధిలో ఎవరింట పేరంటం జరిగినా మంగళహారతి అత్తయ్య పాడవలసిందే. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, అందుకే పిలుపు రాకముందే చీర మార్చుకుని కూర్చునేవారు.

నేను కాలేజీలో చేరిన ఏడాది అత్తయ్యకు గొంతులో కాయ లేస్తే కాకినాడలో ఆపరేషను చేశారు. ప్రాణం దక్కింది గానీ గొంతు మారిపోయింది. మాట వరకు ఫరవాలేదు, పాట ఎత్తుకుంటే మాత్రం పైకి వెళ్ళేసరికి జీరపోయి రెండుగా చీలేది. ఒక సీమంతంలో హారతి సగంలో ఆపేసి, పళ్ళెం పక్కావిడ చేతికిచ్చి ఇంటికి వచ్చేశారు. మళ్ళీ పాడలేదు. పదిమంది ఏమనుకుంటారోనన్న బెంగ కాదు ఆవిడది. ఆ గొంతు తన చెవిన పడటాన్నే ఓర్చుకోలేకపోయారు. ఎవరో పరాయిమనిషి తన నోట్లో దూరి పాడుతున్నట్టుందని అమ్మతో అన్నారట. పాట మానేశాక ఆవిడ తిండి కూడా తగ్గిపోయింది. మామయ్య కంచం ముందు కూర్చుని ఆవిడ వంకే చూస్తుండేవారు.

పాడకపోతే మానె, వినడమన్నా విను అని, మద్రాసు వెళ్ళినప్పుడు ఆయన చేతిలో ఇమిడే టేపు ప్లేయరొకటి తెచ్చారు. దానికి స్పీకరు ఉండదు, నల్లటి స్పాంజి తొడుగుల ఇయర్‌ఫోన్లే గతి. కొన్నాళ్ళు దాని ముఖం చూడని అత్తయ్య, ఒక మధ్యాహ్నం చేటలో బియ్యం ఏరుతూ అవి చెవులకు తగిలించుకున్నారు. కాసేపటికి పాట మొదలైంది, టేపులోది కాదు, అత్తయ్యదే! చెవుల నిండా టేపులోని గాయని ఉండటంతో తన గొంతు తనకు వినిపించక, పైకి పాడుతున్నానన్న ధ్యాస కూడా లేకుండా పాడేస్తున్నారు. జీర ఉంది, చీలిక ఉంది, శ్రుతి కూడా అక్కడక్కడా జారింది. అయినా మామయ్య కొట్టులోంచి లేచి వచ్చి బస్తాల పక్కన నిలబడిపోయారు. ఆయన కళ్ళ నీళ్ళు చూడటం నాకదే మొదలు.

అప్పుడు నాన్నగారు బేరం పని మీద తునిలో ఉన్నారు. తిరిగి వచ్చి, ఆవిడ పాడుతున్న సంగతి ఎవరూ చెప్పకముందే, అక్క చెవులు మూసుకుని మూల కూర్చోవడం చూసి ఆయన ప్రాణం ఉసూరుమంది. ఇంటిల్లిపాదీ కలిసి వింటే ఆవిడకు బాగుంటుందనుకున్నారు. పాత రేడియో విప్పి అందులో స్పీకరు తీసి వైర్లు మెలేస్తే దోమ రొదలాంటిది తప్ప ఏమీ రాలేదు. ఆ చిన్న ప్లేయరు బలం చాలదని చెప్పి రేడియో రిపేరు ఆయన ఒక చెక్కపెట్టెలో ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు బిగించి ఇచ్చాడు. ప్లేయరుకున్నది ఒక్కటే రంధ్రం. పెట్టె పిన్ను గుచ్చాలంటే ఇయర్‌ఫోన్లు పీకెయ్యాల్సిందే. ఇల్లంతా మోగింది. అత్తయ్య తమ్ముణ్ణి మెచ్చుకున్నారు, తాళం వేశారు, పెదవి మాత్రం కదపలేదు. తమ్ముడు ముచ్చటపడి చేయించిన పెట్టెను పక్కనపెట్టి మళ్ళీ ఇయర్‌ఫోన్లు తగిలించుకోవడానికి ఆవిడకు మనసొప్పలేదు.

చివరికి అమ్మే నోరు విప్పింది. "ఏవండీ, చెవులకు అవి తగిలించుకుంటే మీ అక్కగారు పాడుతుండేవారండి. మీ పెట్టె వచ్చాక మానేశారు."

మంచికి పోతే చెడు ఎదురైనట్టయింది నాన్నగారికి. ఉన్న మాట చెబుదామంటే, మేం విన్నామని తెలిస్తే ఆవిడ అసలే మానేస్తారని భయం. నూకలు కలిసిన బియ్యాన్ని నూకలు కలిశాయని చెప్పి మరీ అమ్మే మామయ్య, చాకుతో ఆ పెట్టె వైరును అచ్చం ఎలుక కొరికినట్టు అక్కడక్కడా గీకి, తెంపి పెట్టారు. "వెధవ ఎలకలు అక్కా, మొత్తం కొరికేశాయి" అని నాన్నగారు వీధికి వినపడేలా తిట్టారు. పోనీలేరా తమ్ముడూ అని అత్తయ్య ఇయర్‌ఫోన్లు వెతుక్కున్నారు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు మా మధ్యాహ్నాలు ఆవిడవే. మెచ్చుకోకూడదు, ఎదురుపడకూడదు. నోట్లో నువ్వుగింజ నానని నేను కూడా ఆ ఒక్క రహస్యం దాచాను. మామయ్య, నాన్నగారు దాటిపోయాక, ఆ ప్లేయరూ మూలపడ్డాక, ఒకనాడు అత్తయ్యతో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ ఇక చెబితే ఏమవుతుందిలే అని ఎలుకల సంగతి చెప్పేశాను. ఆవిడ చేతిలో కాయ కూడా ఆపలేదు.

"నాకు తెలీదనుకున్నారేంటే? పాటయ్యి చెవుల్లోవి తీస్తే వంటింట్లో గిన్నె చప్పుడుండేది కాదు, కొట్లో కాటా చప్పుడుండేది కాదు. ఇంత సంసారంలో అంత నిశ్శబ్దం ఊరికే వస్తుందేంటే అమ్మడూ?"

మరి తెలిసీ ఎలా పాడారత్తయ్యా అని అడిగాను.

"ఆ గొంతు నేను వినలేకపోయాను గానీ, మీరు వింటున్నారుగా" అన్నారు.

ఆవిడ పాట ఏ టేపులోనూ లేదు. ఆ ప్లేయరుకు పాడించడమే గానీ పట్టి ఉంచడం రాదు. ఇప్పుడు పిల్లల ఇళ్ళల్లో పట్టి ఉంచలేనిదంటూ ఏదీ లేదు, అందరి చెవుల్లోనూ ఎప్పుడూ ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. మొన్న రాజమండ్రిలోనే ఒక మధ్యాహ్నం మా అమ్మాయి చెవులకు అవి పెట్టుకుని బట్టలు మడతపెడుతూ, తనకు తెలియకుండానే చిన్నగా ఒక రాగం తీసింది. నేను కుక్కర్ కింద మంట ఆర్పేసి నిలబడ్డాను. ఇంట్లో ఇంకెవరూ వినలేదు.