పార్కు బావి, గింజల బుర్ర

మొన్న మా మనవరాలిని వేసవి శిబిరంలో చేర్పిద్దామని పార్కుకు తీసుకుపోయాను. గేటుకు ఈ కొస నుంచి ఆ కొసకు కట్టిన ఫ్లెక్సీ మీద యోగా, కరాటే, డాన్సు, బొమ్మలు గీయడం అంటూ రంగురంగుల అక్షరాలు మెరిసిపోతున్నాయి. పేర్లు రాసుకుంటున్న అమ్మాయిని ఈత నేర్పరా తల్లీ అని అడిగితే, నన్ను ఎగాదిగా చూసి, ఇక్కడ నీళ్ళెక్కడివి ఆంటీ అని నవ్వింది. ఆమె కుర్చీ వెనకాలే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, మెట్ల బావి ఉంది. చుట్టూ నిలువెత్తు ఇనుప చువ్వలు కట్టి, లోపల రంగుల లైట్లు పెట్టి, దిగరాదని బోర్డు తగిలించారు. నాకు చిర్రెత్తుకొచ్చింది గానీ, ఆ పిల్లనని ఏం లాభం? మనవరాలు చువ్వల సందులో మొహం పెట్టి, అమ్మమ్మా, దీంట్ల ఎవరన్న దిగిండ్రా అని అడిగింది. దిగినం బిడ్డా అన్నాను. అనగానే ఆ బావి నీళ్ళ చల్లదనం నా వీపు మీద తగిలినట్టయింది, దానితోపాటు ఆనాటి భయం కూడా.

మా వనపర్తిలో ఆ పార్కు అప్పుడు ఇంత సోకుగా ఉండేది కాదు. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, నాలుగు వేపచెట్లు, పగుళ్ళు బారిన సిమెంటు బెంచీలు, సాయంత్రం పూట రేడియో వార్తలు వినిపించే మైకు, నడుమ పాతకాలపు రాతిమెట్ల బావి, అంతే. ఆ పార్కుకు ప్రాణం పోసింది మా మేనత్త. ఆడపిల్లల బడిలో ఆటల టీచరు. పెళ్ళయిన కొద్ది రోజులకే భర్త పోతే అన్నగారింటికి, అంటే మా ఇంటికి, తిరిగి వచ్చి మాతోనే ఉండిపోయింది. ఇంట్లో ఓ మూల కూర్చుని కాలం వెళ్ళదీస్తుందని అందరూ అనుకున్నారేమో, ఆమె మాత్రం ఏ కాలానికి ఆ పని పెట్టుకుని పార్కును తన ఇల్లు చేసుకుంది. వానలు పడగానే వాడ పిల్లలందరినీ పోగుచేసి మొక్కలు నాటించేది, దసరా ముందు బతుకమ్మ ఆటకు జాగా చదును చేయించేది, చలికాలం సాయంత్రాలు కోలాటం నేర్పేది. అన్నింటికన్నా ఆమె మనసంతా మాత్రం ఎండాకాలపు ఈత మీదే ఉండేది.

మగపిల్లలు ఏ బావిలోనైనా దూకి ఈదేవారు, అడిగేవాళ్ళు లేరు. ఆడపిల్లలు నీళ్ళలో దిగడమంటే మాత్రం వాడంతా నోళ్ళు నొక్కుకునేది. మా మేనత్త మునిసిపాలిటీ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, పొద్దున పూట బావిని ఆడపిల్లలకు మాత్రమే విడిచేలా అనుమతి తెచ్చింది. తెచ్చినా ఎవరు పంపుతారు తమ పిల్లలను? ముందు మన ఇంటి పిల్లలే దిగాలి అని నాయినను బతిమాలింది. బట్టల దుకాణంలో పనిచేసే మా నాయిన మాట తక్కువ మనిషి. చాలాసేపు ఆలోచించి సరేనన్నాడు గానీ ఒక్క షరతు పెట్టాడు. ఏ పిల్లకు ఏ కొంచెం అపాయం జరిగినా ఆ రోజుతో బావి మాట మరిచిపోవాలి, ఇక ఎవరేమన్నా తను వినేది లేదు అన్నాడు. మా మేనత్త తలూపింది. ఆ షరతు మా నెత్తిన కత్తిలా వేలాడుతోందని నాకూ చెల్లెలికీ తెలుసు, అందుకే మెట్టు మీద కాలు జారి మోకాలు గీరుకున్నా పావడా కిందికి లాక్కుని కిక్కురుమనకుండా ఉండేవాళ్ళం.

ఈత నేర్చుకోవడానికి మాకు ట్యూబులూ గీబులూ లేవు. ఎండిన ఆనపకాయ బుర్రను పాత చీర పేలికతో వీపుకు కట్టుకునేవాళ్ళం. ఆ కాయను తీగ మీదే ముదరనిచ్చి, తెంపి, ఎక్కడా చిన్న గాటు కూడా పడకుండా నెలల తరబడి అటక మీద ఎండబెట్టాలి. లోపల గింజలు ఎండిపోయి, ఊపితే గలగలమంటాయి. మా మేనత్త ప్రతి పిల్ల బుర్రనూ చెవి దగ్గర పెట్టుకుని ఊపి, ఆ చప్పుడు విన్న తరువాతే నీళ్ళలోకి దింపేది. గలగలమంటే గింజలు లోపలే ఉన్నట్టు, కాయకు ఎవరూ రంధ్రం చెయ్యనట్టు, నీళ్ళు దూరే సందు లేనట్టు. మా పిల్లలకు ఆ చప్పుడు ఎంత ఇష్టమో చెప్పలేను, బావి గట్టు మీద బుర్రలూపుకుంటూ ఊరేగింపులా తిరిగేవాళ్ళం.

మొదట మేమిద్దరమే దిగాం, తరువాత పక్కింటి పిల్లలు, ఆ తరువాత వాడ వాడంతా వచ్చింది. మాకున్నది ఒకటే బుర్ర, అది నాకు. చెల్లెలు పక్కింటివాళ్ళ బుర్ర అడుక్కుని కట్టుకునేది. ఒకనాడు నల్లా దగ్గర బిందెల వరుసలో ఆ పక్కింటావిడ, మీ చిన్నపిల్లకు ఒక బుర్ర గూడ దొరకలేదా అని నవ్వుతూ అన్నదట. ఆ మాట మా అమ్మకు ముల్లులా గుచ్చుకుంది. అమ్మది పెద్దమందడి దిక్కున మెట్టపొలాల ఊరు. వాళ్ళ ఊళ్ళో నీళ్ళంటే బిందెలో చూడడమే గానీ, చీలమండలు దాటి నీళ్ళలో దిగిన మనిషి కాదు ఆమె. ఈత బుర్ర వేరు, గింజల బుర్ర వేరు అన్న సంగతి ఆమెకు తెలియదు.

మా దిక్కు పల్లెల్లో బీరగింజలూ కాకరగింజలూ దాచుకోవడానికి ఇంటికో బుర్ర ఉండేది. దానికి పక్కన బొటనవేలంత రంధ్రం చేసి, లోపలి గుజ్జంతా తీసి, బూడిదలో కలిపిన విత్తనాలు పోసి, రంధ్రాన్ని పేడా మట్టీ కలిపి మెత్తేవారు. అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న బుర్ర అటువంటిదే, పెద్దది, నున్నగా మెరిసేది. విత్తనాలు పాత గుడ్డలో మూటగట్టి, రంధ్రాన్ని మళ్ళీ శ్రద్ధగా మెత్తి, ఎండలో ఆరబెట్టి, మరునాటి పొద్దున తన చేతులతోనే చెల్లెలి వీపుకు గట్టిగా కట్టి పంపింది. వాడలో అంత అందమైన బుర్ర ఎవరికీ లేదు, చెల్లెలు రొమ్ము విరుచుకుని నడిచింది. నేనూ దాన్ని చూసి కుళ్ళుకున్నాను.

ఆ పొద్దున పిల్లలు ఎక్కువ వచ్చారు. కొత్తగా వచ్చిన ఒక పిల్ల నీళ్ళు చూసి గుక్కపట్టి ఏడుస్తుంటే మా మేనత్త పై మెట్ల మీద ఆమెను సముదాయిస్తోంది. చెల్లెలు బుర్రను ఇంటి దగ్గరే కట్టుకుని వచ్చింది కదా, విప్పి ఊపి చూడడానికి వీలు కాలేదు. అక్కడికీ మేనత్త ఆగు ఆగు అని చెయ్యి ఊపింది, చెల్లెలు ఆగితే కదా! నేను అవతలి మెట్టు పట్టుకుని కాళ్ళాడిస్తున్నాను. చెల్లెలు నడి బావి దాకా పోయి, వెల్లకిలా తిరిగి ఆకాశం చూస్తూ నవ్వుతోంది. ఆమె భుజం పక్కన బుడగలు రావడం చూశాను. ఎర్రటి నీళ్ళు సన్నగా కారుతుంటే నెత్తురేమో అనుకున్నాను, అది మట్టి అని అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఆ క్షణంలోనే నవ్వుతున్న మొహం నీళ్ళ కిందికి పోయింది. ఆమె చేతులైనా ఆడించలేదు, బుర్ర మోస్తుందని అంత నమ్మకం.

అత్తా అని అరిచాను. మా మేనత్త తల తిప్పి చూసింది, నీళ్ళ మీద ఒక్క సుడి తప్ప ఏమీ లేదు. కట్టుకున్న చీరతోనే పైమెట్టు నుంచి దూకింది. ఆ బావిలో నీళ్ళు నల్లగా ఉండేవి, అడుగు కనిపించేది కాదు. ఒకసారి పైకి వచ్చి ఊపిరి తీసుకుని మళ్ళీ మునిగింది, చేతులు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలంతా మెట్లకు అతుక్కుపోయి చూస్తున్నారు. రెండోసారి ఆమె పైకి వచ్చినప్పుడు చేతిలో మా చెల్లెలి జడ ఉంది. మెట్టు మీదికి లాగి, బుర్ర ముడి విప్పి పక్కన పడేసి, తన మోకాలి మీద బోర్లా వేసుకుని, వీపు మీద చరుస్తూనే ఉంది. నేను మొక్కని దేవుడు లేడు. చివరికి చెల్లెలు భళ్ళున నీళ్ళు కక్కి, దగ్గి, కళ్ళు తెరిచి, నా బుర్ర ఏది అత్తా అని అడిగింది. అప్పుడు ఏడ్చింది మా మేనత్త, అంతవరకు ఆమె కంట నీటిచుక్క చూడలేదు నేను.

ఎవరో పరుగున పోయి చెప్పినట్టున్నారు, అమ్మ చెప్పులు లేకుండా వచ్చి పడింది. అప్పటికి పార్కు నిండా ఆడవాళ్ళు. మా మేనత్త పక్కన పడి ఉన్న బుర్రను చేతిలోకి తీసుకుంది. రంధ్రం నోరు తెరుచుకుని ఉంది, అంచుకు కాస్త పేడ ఇంకా అంటుకునే ఉంది. అమ్మ చూసింది, మా మేనత్త చూసింది, నేనూ చూశాను. మా మేనత్త ఆ రంధ్రాన్ని అరచేత్తో మూసి, నావైపు తిరిగి మెల్లగా తల అడ్డంగా ఊపింది. ఏమైందమ్మా అని నలుగురూ అడిగితే, ముడి నేనే కట్టిన, ఊడిపోయింది అని చెప్పింది. అమ్మ చెల్లెలిని భుజాన వేసుకుని, ఆ బుర్రను కొంగులో చుట్టుకుని ఇంటికి నడిచింది.

మధ్యాహ్నం నాయిన ఇంటికి వచ్చేటప్పటికే సంగతి ఊరంతా పాకింది. ఆయన అరిచినా బాగుండేది, చెప్పులు విడిచి వాకిట్లో నిలబడి నిదానంగా అడిగాడు.

“చెల్లె, నేనేం చెప్పిన నీకు?”

మా మేనత్త తలొంచుకుని, “తప్పు నాదే అన్నా. ముడి గట్టిగ కట్టేది నా పని, కట్టలే. రేపటి సంది బాయికి పోను,” అంది.

సాయంత్రం ఆఫీసుకు పోయి అనుమతి వెనక్కి ఇచ్చేసి వస్తానని నాయిన అన్నాడు. ఆ మాటతో మా మేనత్త మొహం చూడలేకపోయాను. ఆ ఇంట్లో ఆమెకు తనదంటూ ఉన్నది అదొక్కటే. నిజం నా నాలుక చివరన ఉంది. చెబితే అమ్మ పరువు పోతుంది, చెప్పకపోతే మేనత్త బతుకు ఆగిపోతుంది, చెప్పొద్దని నాకు సైగ చేసింది ఆమే. చెల్లెలి మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను.

అంతలో అమ్మ లోపలి నుంచి బుర్ర పట్టుకుని వచ్చింది. నాయిన మొహం వంక చూడకుండా వాకిట్లో ఉన్న గోలెం దగ్గరకు పోయి, బుర్రను నీళ్ళలో పెట్టి చెయ్యి తీసేసింది. అది కొంచెంసేపు తేలి, పక్కకు ఒరిగి, బుడబుడమంటూ నిండి, మెల్లగా మునిగిపోయింది. చివరి బుడగ పగిలేదాకా ఎవరూ కదల్లేదు.

“ముడి ఆమె కట్టలే, నేను కట్టిన. గింజల బుర్రకు మట్టి మెత్తి నేనే పంపిన. ఆమె నా మీదికి రాకుండ చూస్తుంది,” అంది అమ్మ.

నాయిన అరుగు మీద కూలబడ్డాడు. మరి బాయి బందు పెట్టుమంటవా అని అడిగాడు, ఈసారి అమ్మను.

“వద్దు. నాకు నీళ్ళు తెల్వకనే గిట్లయింది. పిల్లలకన్న తెల్వని. రేపు పొద్దుగాల నేనే తోల్కపోత,” అంది.

మా మేనత్త, వదినె అని ఒక్క మాట అని లోపలికి పోయింది. నాయిన ఆ సాయంత్రం ఆఫీసుకు పోలేదు.

మరునాడు అమ్మ ఒక చేత్తో చెల్లెలినీ ఇంకో చేత్తో నన్నూ పట్టుకుని వాడ నడుమ నుంచి నడిపించుకుపోయింది. గడపల్లో ఆడవాళ్ళు నిలబడి చూస్తున్నారు, ఆమె తలెత్తే నడిచింది. నీళ్ళు చేదే తాడు కూడా తెచ్చుకుంది. ఒక కొస రాతిస్తంభానికి కట్టి, మరో కొస ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళకు పైన ఉన్న మెట్టు మీద కూర్చుంది. చెల్లెలు దిగనని ఏడ్చింది. అమ్మ బతిమాలలేదు, కోప్పడలేదు, నేను ఈడనే ఉన్న పో అంది. మా మేనత్త పక్కింటివాళ్ళ బుర్ర తెచ్చి, చెల్లెలి చెవి దగ్గర పెట్టి గలగలలాడించింది. ఆ చప్పుడు విని చెల్లెలు మెల్లగా కాలు ముందుకు పెట్టింది. తక్కిన పిల్లలు కొందరు ఆ వారంలోనే వచ్చారు, కొందరు మళ్ళీ రాలేదు. ఆ ఎండాకాలం పొడుగునా, ఆ తరువాతి ఎండాకాలాలూ, అమ్మ ఆ మెట్టు మీదే. అంత తాడెందుకమ్మా, ఏనుగును లాగుతవా అని ఆడవాళ్ళు వేళాకోళమాడితే ఆమె పట్టించుకునేది కాదు. చివరి పిల్ల ఒడ్డెక్కిన తరువాతే తాడు చుట్టేది. తను మాత్రం ఏనాడూ నీళ్ళలో కాలు పెట్టలేదు.

ఇప్పుడు అమ్మ లేదు, మేనత్త లేదు. చెల్లెలు గద్వాలలో కాపురముంది, తన ఇద్దరు ఆడపిల్లలకూ తానే ఈత నేర్పింది. మొన్న పార్కు నుంచి వచ్చి ఫోను చేసి చువ్వల సంగతి చెప్పాను. అంతా విని చెల్లెలు, ఆ మెట్టు ఉన్నదా అక్కా అని అడిగింది. ఉన్నదన్నాను. పిల్లలు పడిపోకూడదనే కంచె కట్టారు, ఆ సంగతి నాకు తెలియక కాదు. మునిగిన పిల్లను నా కళ్ళతో చూసినదాన్ని, వద్దని ఎట్లా అంటాను? అయినా చాప మీద చేతులు చాచి యోగా చేస్తున్న ఆ పిల్లలను చూస్తే మనసు చివుక్కుమంటుంది. భయపడి కూడా పిల్లలను నీళ్ళలోకి పంపి, తాడు పట్టుకుని కూర్చున్నవాళ్ళను చూసి పెరిగాం. మనవరాలిని చివరికి బొమ్మల తరగతిలో చేర్పించాను. నీళ్ళకు పైనున్న ఆ మెట్టు మాత్రం నున్నగా అరిగి, ఊడ్చి, ఖాళీగా ఉంది. దిగేవాళ్ళు లేనప్పుడు అక్కడ కూర్చునే పని ఎవరికుంటుంది?