ముడుల వదిన

వీధిలో అందరికీ ఆమె ముడుల వదిన. తుఫాను వస్తోందని రేడియో చెప్పగానే తక్కినవాళ్ళు కొవ్వొత్తుల కోసం దుకాణాలకు పరిగెత్తితే, ఆమె మంచం కిందినుంచి తాళ్ళ బుట్ట లాగుతుంది. తాడు కొస పళ్ళతో పట్టుకుని, కళ్ళు సగం మూసుకుని, బీరువాను కిటికీ ఊచలకు కడుతుంది. నీళ్ళ డ్రమ్మును స్తంభానికి, కుర్చీలను ఒకదానికొకటి. ముడి పడ్డాక పసిపిల్లను జోకొట్టినట్టు దాన్ని తడుతుంది. "ఇంట్లో ఇక విడిగా ఉన్నది నేనొక్కణ్ణే" అని భర్త వేళాకోళమాడతాడు. మధ్యమధ్య తాడు చేతిలో అలాగే ఉండగా ఆమె కిటికీ దగ్గర నిలబడిపోతుంది. రాగిరంగుకు తిరిగిన ఆకాశంలో, ఎవరి మేడ మీదో ఆరేసిన దుప్పటి తీరిగ్గా ఎగిరిపోతుంటే, అది కనుమరుగయ్యేదాకా రెప్ప వెయ్యదు.

ఈసారి అన్నీ కట్టగా బారెడు తాడు మిగిలింది. మంచం మీదున్న అత్తగారి పక్కన కూర్చుని, ఒక కొస ఆవిడ మణికట్టుకు చుట్టింది, రెండోది తన చేతికి.

"నేను దూదిపింజలా ఎగిరిపోతాననా నీ భయం?" ముసలావిడ బోసినోటితో నవ్వింది.

"మీ గురించి కాదత్తయ్యా. గాలి లేచినప్పుడల్లా తలుపు తీసి ఆ గాలితోపాటు వెళ్ళిపోవాలనిపిస్తుంది నాకు."

ముసలావిడ నవ్వు ఆగింది. ఇంటికప్పు సన్నగా మూలిగింది. ఆవిడ రెండో చేత్తో ముడిని తడిమి చూసుకుంది.

"ఇది చాలదు, ఇంకోటి వెయ్యవే" అంది మెల్లగా. "నాకూ అలాగే అనిపిస్తుంది."